భయం ఒంట్లో కాపురం ఉన్నప్పుడు: కారంచేడు నుంచి క్యాంపస్ దాకా

2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ప్రణయ్ హత్య కేసులో తీర్పు చెప్పింది. ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లెదుట జరిగిన హత్య అది. తీర్పు రోజున మనమంతా శిక్షల గురించి మాట్లాడుకున్నాం. ఉరిశిక్ష ఉండాలా వద్దా అని వాదించుకున్నాం. సెక్షన్లు లెక్కపెట్టుకున్నాం. కానీ ఇలాంటి కేసుల్లో నేరానికీ తీర్పుకీ మధ్య గడిచే ఏళ్లు బాధితుల ఒంట్లో ఎలా గడుస్తాయన్న ప్రశ్న ఎక్కడా వినపడలేదు. అట్రాసిటీ కేసుల్లో మనం ఎప్పుడూ అడగకుండా వదిలేసే ప్రశ్న అదే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో షెడ్యూల్డ్ కులాల మీద నేరాల కేసులు 2022లో 57,582. 2023లో 57,789. ఇవి పోలీస్ స్టేషన్ గడప దాటి కేసుగా నమోదైనవి మాత్రమే. ఒక్కో కేసు వెనక ఒక మనిషి మాత్రమే ఉండడు. ఇల్లు ఉంటుంది, వాడ ఉంటుంది, చూసిన పిల్లలు ఉంటారు. ఎఫ్‌ఐఆర్‌లో దెబ్బలు రాస్తారు, వూండ్ సర్టిఫికెట్‌లో గాయాల కొలతలు రాస్తారు. ఆరు నెలల తర్వాత కూడా రాత్రి మోటార్ సైకిల్ చప్పుడు వింటే గుండె ఆగినంత పనవుతుందన్న మాట ఏ కాగితంలోనూ ఉండదు.

ఈ వ్యాసంలో మేము ఆ కాగితంలో లేని గాయం గురించి మాట్లాడదలుచుకున్నాం. దాన్ని వైద్య భాషలో ట్రామా అంటారు. అది నాడీ వ్యవస్థను ఏం చేస్తుంది, ఎలా మానుతుంది, అందులో చట్టం పాత్ర ఏమిటి, ఉద్యమకారులుగా మన పాత్ర ఏమిటి అన్నవి మా ప్రశ్నలు.

ఒంట్లో జరిగేది

ప్రమాదం ఎదురైనప్పుడు మనం ఆలోచించి భయపడం. ముందు ఒళ్లు స్పందిస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. మెదడు లోపల బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ముప్పును పసిగట్టి హెచ్చరిక పంపుతుంది. సింపథెటిక్ నాడులు మేల్కొంటాయి. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరు ఎండుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆ వెంటనే హైపోథాలమస్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథుల గొలుసు కదిలి కార్టిసాల్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. పోరాడటానికో, పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుంది. ఆ రెండూ సాధ్యం కానప్పుడు కొందరు కొయ్యబారిపోతారు. మాట రాదు, కాలు కదలదు.

ఈ మూడో స్పందన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "అంతసేపు ఎందుకు అరవలేదు? ఎందుకు తిరగబడలేదు?" అని అత్యాచార బాధితురాలిని స్టేషన్లో అడుగుతారు, కోర్టులో అడుగుతారు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే అడుగుతారు. అరవకపోవడం ఆమె తీసుకున్న నిర్ణయం కాకపోవచ్చు. బతకడానికి నాడీ వ్యవస్థ ఎంచుకున్న దారి అయి ఉండవచ్చు. కొయ్యబారిపోవడం సమ్మతి కాదు, పిరికితనం అంతకన్నా కాదు.

ముప్పు తొలగిపోతే పారాసింపథెటిక్ నాడులు, ముఖ్యంగా వేగస్ నాడి, గుండెను నెమ్మదింపజేసి శరీరాన్ని మామూలు స్థితికి తెస్తాయి. అట్లా తిరిగి వచ్చే శక్తి మనుషులందరికీ ఉంది. అందుకే ఘోరం చూసిన ప్రతి ఒక్కరూ రోగులు కారు. చాలామంది కొన్ని వారాల్లో, నెలల్లో కుదుటపడతారు. కొందరిలో మాత్రం ఆ హెచ్చరిక ఆగదు. నిద్ర పట్టదు, పడితే పీడకలలు. చిన్న చప్పుడుకే ఉలికిపాటు. జరిగింది మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ దారిన నడవరు, ఆ మనిషి పేరెత్తరు. లేదంటే దేనికీ చలించకుండా మొద్దుబారిపోతారు. ఇది నెల దాటి కొనసాగి బతుకును కుంగదీస్తే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం దీన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వాళ్ల పక్షాన నిలిచిన వైద్యులు పోరాడితేనే అది చేరింది. అంటే ఈ పేరు కూడా ఒక పోరాటంతో వచ్చిందే.

మన వాడల్లో ఈ లక్షణాలకు వేరే పేర్లున్నాయి. గుండె దడ, నరాల వీక్‌నెస్, తల తిమ్మిరి, ఒళ్లంతా మంట, కడుపులో దేవడం, గాలి సోకడం. ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోతే బీ కాంప్లెక్స్ ఇంజక్షన్, సెలైన్ సీసా, నిద్రమాత్ర. ఎవరూ "ఏం జరిగింది?" అని అడగరు. ఒంటి భాషలో బయటికొచ్చిన కుల హింస మందుల చీటీలో నరాల బలహీనతగా మారిపోతుంది.

"తర్వాత" లేని గాయం

పీటీఎస్‌డీ పేరులోనే "గాయం తర్వాత" అన్న అర్థం ఉంది. యుద్ధం ముగిసింది, సైనికుడు ఇంటికొచ్చాడు, భయం మాత్రం మిగిలింది అన్నది దాని ఊహ. కులం విషయంలో ఆ "తర్వాత" ఎక్కడుంది? దాడి చేసినవాళ్లు అదే ఊళ్లో ఉంటారు. పనికి పిలవాల్సింది వాళ్లే, పాలు పోయించుకోవాల్సింది వాళ్లే. బెయిల్ మీద వచ్చి వాడ ముందు నుంచే తిరుగుతారు. అక్కడ భయపడే మనిషి నాడీ వ్యవస్థ పొరబడటం లేదు. ఉన్న ముప్పునే సరిగ్గా చదువుతోంది. అలాంటి మనిషికి "రిలాక్స్ అవ్వండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పడం వైద్యం అనిపించుకోదు.

పెద్ద దాడి జరగకపోయినా, రోజూ కొద్దికొద్దిగా జరిగే అవమానం కూడా శరీరంలో చేరుతుంది. ఎప్పుడు ఏ మాట పడాల్సి వస్తుందోనని నిరంతరం కాపలా కాసే ఒళ్లు అరిగిపోతుంది. ఇలా అరిగిపోవడాన్ని శాస్త్రవేత్తలు బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలియట్ స్టెల్లర్ 1993లో "అలోస్టాటిక్ లోడ్" అన్నారు. అమెరికాలో నల్లజాతి స్త్రీల ఆరోగ్యం వయసుకు ముందే క్షీణించడాన్ని పరిశీలించిన ఆర్లీన్ జెరోనిమస్ దానికి జాతి వివక్ష భారమే కారణమని 1992లోనే వాదించారు. ఎండకూ వానకూ రాయి అరిగినట్టు ఒళ్లు అరుగుతుందన్నది ఆమె ఆలోచన. దీర్ఘకాలపు ఒత్తిడికీ, రక్తపోటుకూ, గుండెజబ్బులకూ, కుంగుబాటుకూ సంబంధం ఉందని వైద్యశాస్త్రం ఒప్పుకున్నదే. వాడలో నలభై ఏళ్లకే బీపీ మాత్రలు మింగే మనిషిని చూసి "ఉప్పు తగ్గించు" అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మనిషి రోజుకెన్నిసార్లు బిగబట్టుకుంటాడో అడిగేవాళ్లే లేరు.

వెలి సంగతి చూడండి. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్‌లో బంతాట ఆడుతున్న మనిషికి మిగతావాళ్లు బంతి ఇవ్వడం మానేస్తారు. ఆ చిన్న వెలికే, ఒంటి నొప్పికి స్పందించే మెదడు భాగాల్లో ఒకటి చురుకైంది. ఆట బంతికే అట్లా అయితే ఊరి బావి, హోటల్ బల్ల, హాస్టల్ మెస్, క్లాసులో పక్క సీటు సంగతేమిటి? 2015లో మహానగరపు విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను సస్పెండ్ చేసి, హాస్టల్ నుంచి వెళ్లగొడితే, వాళ్లు ఆరుబయట వేసుకున్న గుడారానికి "వెలివాడ" అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో ఉన్న సత్యాన్ని ఏ పాఠ్యపుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయాడు. 2024 మే నెలలో పోలీసులు వేసిన ముగింపు నివేదిక ఆయన దళితుడే కాదన్నది. నిరసనలు వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చనిపోయిన ఎనిమిదేళ్లకు కూడా ఒక తల్లి తన బిడ్డ కులాన్ని రుజువు చేసుకోవాల్సి రావడం ఏమిటి? పాత గాయాన్ని రాజ్యమే మళ్లీ రేపడం అంటే ఇదే.

క్యాంపస్‌లో ఇది రోహిత్‌తో మొదలు కాలేదు, ఆయనతో ఆగలేదు. సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఐదేళ్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,600 మందికి పైగా మధ్యలోనే వెళ్లిపోయారని 2023 డిసెంబర్‌లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారి ఉంటారని వివరణ ఇచ్చింది. కొందరు మారి ఉండొచ్చు. కానీ "నీ ర్యాంకు ఎంత?" అన్న ప్రశ్న వినగానే అరచేతులు చెమటలు పట్టే పిల్లవాడికి క్లాసు కూడా ముప్పున్న చోటే. కార్టిసాల్ పొంగుతున్న మెదడు కొత్త పాఠాన్ని పట్టుకోవడం కష్టం. మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులు చూపించి "మెరిట్ లేదు" అంటారు. గాయం చేసినవాళ్లే దాన్ని అనర్హతకు సాక్ష్యంగా చూపిస్తారు.

జ్ఞాపకం, సాక్ష్యం, కోర్టు

ప్రాణభయంలో జ్ఞాపకం మామూలుగా నమోదు కాదు. కత్తి మెరుపు, కొట్టినవాడి ముఖం, నెత్తురు వాసన లాంటివి చెక్కినట్టు ఉండిపోతాయి. కానీ ముందు ఏది వెనక ఏది, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం అన్నవి చెదిరిపోతాయి. కాలాన్నీ, చోటునూ వరుసగా పేర్చే హిప్పోక్యాంపస్ అంతటి ఒత్తిడిలో సరిగ్గా పని చేయలేదు. కోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగేవి మాత్రం ఆ చెదిరిపోయినవే. ఎన్ని గంటలకు? ఎన్ని గజాల దూరంలో? మొదటి దెబ్బ ఎవరిది?

చుండూరును గుర్తు చేసుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పొలాల వెంట తరిమి నరికారు, శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువల్లో పడేశారు. బొజ్జా తారకం లాంటివాళ్ల పట్టుదల వల్ల ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. హత్యల సమయం, స్థలం, దాడి చేసిందెవరన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది. పంట పొలాల్లో ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తినవాళ్లను, ఏళ్ల తర్వాత, గడియారం చూసి చెప్పమన్నట్టు ఉంది ఆ ప్రమాణం.

భయపడిన మనిషి చెప్పిందల్లా నిజమని మేము అనడం లేదు. నిందితుడికి న్యాయమైన విచారణ దక్కాలి, సాక్ష్యాన్ని పరీక్షించాలి. కానీ నిమిషాల్లో, వరుసలో వచ్చే తేడా అబద్ధానికి గుర్తు కాదన్న సంగతి మన దర్యాప్తు అధికారులకూ, ప్రాసిక్యూటర్లకూ, న్యాయమూర్తులకూ తెలియాలి. తెలియకపోతే గాయం ఎంత లోతుగా తగిలితే కేసు అంత బలహీనపడే పరిస్థితి వస్తుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంత వరకు విచారణ ముగియాలి. చుండూరులో తొలి తీర్పుకే 16 ఏళ్లు పట్టింది. కారంచేడులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, అంటే 23 ఏళ్లు. ప్రతి వాయిదా నాడీ వ్యవస్థకు మరో హెచ్చరిక. సమన్లు వచ్చిన వారం నుంచే నిద్ర పోతుంది. కోర్టు వరండాలో నిందితుల పక్కనే నిలబడాలి. ఆలస్యమైన న్యాయం అన్యాయమని ఊరికే అంటుంటాం. ఆలస్యం జబ్బు కూడా తెస్తుందని ఒప్పుకోవాలి.

జన్యువుల మాట విషయంలో జాగ్రత్త

ఈ మధ్య విద్యార్థుల చర్చల్లో ఒక మాట తరచు వినిపిస్తోంది. వేల ఏళ్ల కుల గాయం మన జన్యువుల్లోకి ఎక్కింది, పుట్టుకతోనే మోస్తున్నాం అని. నాజీ మారణహోమం నుంచి బయటపడినవారి పిల్లల మీద రేచల్ యెహుడా చేసిన పరిశోధనలను ఇందుకు చూపిస్తారు. ఆ పరిశోధనలు ముఖ్యమైనవే. కానీ చిన్న సంఖ్యలో మనుషుల మీద జరిగినవి, మనుషుల్లో ఇలాంటి వారసత్వం ఎంతవరకు ఉందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు. తల్లిదండ్రుల భయం పిల్లలకు చేరడానికి జన్యువులే అక్కర్లేదు. "ఆ వీధిలోకి పోకు, తలెత్తి చూడకు, గొడవ పడకు" అని నాన్న గొంతు వణుకుతుంటే చాలు. పేదరికం, ఇరుకు ఇల్లు, చాలని తిండి అన్నీ చేరవేస్తాయి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పుట్టుకతోనే మనిషిలో ఏదో లోపం ఉందన్న మాట మనకు కొత్త కాదు. మనుధర్మం చెప్పింది అదే. దాన్ని శాస్త్రం పేరుతో మన నోటే చెప్పించుకోవద్దు. గాయం పుట్టుకలోది కాదు, సమాజం చేసింది. మనిషి చేసింది కనుక దాన్ని మార్చగలం. మెదడుకు కూడా కొత్త అనుభవాలతో మారే గుణం ఉంది.

ఉద్యమం ముందే కనిపెట్టిన వైద్యం

జుడిత్ హెర్మన్ అనే మనోవైద్యురాలు 1992లో వచ్చిన తన పుస్తకంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు. మొదట భద్రత. తర్వాత జరిగినదాన్ని గుర్తు చేసుకుని దుఃఖపడటం. చివరికి మళ్లీ మనుషులతో, బతుకుతో కలవడం. ఆ పుస్తకం రాకముందే మన వాళ్లు ఈ మూడూ చేశారు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరారు. ఊరికి తిరిగి వెళ్లమని ఎంత ఒత్తిడి వచ్చినా వెళ్లలేదు, చీరాలలోనే స్థిరపడ్డారు. వాళ్లు మొండిపట్టు పట్టారని అప్పట్లో అన్నవాళ్లున్నారు. నిజానికి భద్రత లేని చోట గాయం మానదన్న సంగతి వాళ్లకు తెలుసు. చుండూరు వాళ్లు తమ మృతులను ఊళ్లోనే ఖననం చేసి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. దుఃఖానికి ఒక చోటు కావాలి, అది అందరికీ కనపడాలి. కారంచేడు శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో వేలమంది ఒక్కటయ్యారు. ఒంటరిగా వణికిన మనిషి గుంపులో నిలబడి నినాదం ఇచ్చినప్పుడు నిస్సహాయత కొంత కరుగుతుంది. నిస్సహాయతే ట్రామాకు మూలం కనుక ఇది చిన్న విషయం కాదు.

1927 మార్చి 20న మహద్ చెరువులో అంబేడ్కర్, ఆయన వెంట వచ్చినవాళ్లు నీళ్లు తాగారు. అది హక్కు కోసం చేసిన పని. ఒంటికి నేర్పిన భయాన్ని ఒంటితోనే చెరిపిన పని కూడా. 1956 అక్టోబర్ 14న నాగపూర్ దీక్షను, 1994లో మొదలైన దండోరాలో డప్పును అవమానం నుంచి ఆత్మగౌరవానికి తెచ్చుకోవడాన్ని ఇదే కోణంలో చూడొచ్చు. కలిసి పాడటం, ఒకే దరువుకు అడుగేయడం ఊపిరిని ఒక లయలోకి తెస్తాయి, పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం ఇస్తాయి.

అలాగని ఉద్యమమే సర్వరోగ నివారిణి అని చెప్పలేం. సభ ముగుస్తుంది, జెండాలు వెళ్లిపోతాయి. రాత్రి మిగులుతుంది. భర్తను పోగొట్టుకున్న ఆమె పిల్లల్ని పడుకోబెట్టి ఒంటరిగా మేల్కొని ఉంటుంది. కొడుకు తాగుడుకు బానిసవుతాడు. అమరుడి భార్య అన్న బిరుదు కింద ఆమెకు ఏడ్చే హక్కు కూడా లేకుండా పోతుంది. వీరత్వం గురించి ఎంతైనా మాట్లాడే మనం నిద్ర గురించి మాట్లాడటం లేదు.

మన తప్పులు

ముందు మమ్మల్ని మేమే ప్రశ్నించుకోవాలి. ఘటన జరిగిన వారంలో ఎన్ని నిజనిర్ధారణ బృందాలు వాడకు వస్తాయి? పార్టీలు, సంఘాలు, కమిషన్లు, యూట్యూబ్ ఛానళ్లు. అందరూ ఆమెనే కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమంటారు. ఏడిస్తే కెమెరా దగ్గరికి జరుపుతారు. గాయపడిన వెంటనే ఒక్క దఫాలో జరిగిందంతా చెప్పించే పద్ధతి మేలు చేయదని, దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వైద్యులకే వద్దన్న పనిని మనం రోజుకు పదిసార్లు చేస్తున్నాం.

హత్య దృశ్యాలు పంచుకోవడం కూడా అంతే. మిర్యాలగూడ సీసీటీవీ దృశ్యాలు ఎన్ని రోజులు తెర మీద తిరిగాయో గుర్తుందా? బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిగిన అధ్యయనంలో, ఆ వార్తలను రోజుకు ఆరు గంటలకు మించి చూసినవాళ్లలో, పేలుడు చోట ఉన్నవాళ్ల కన్నా ఎక్కువ తీవ్ర ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. మన ఆగ్రహం కోసం పెట్టే వీడియో ఇంకో వాడలో ఇంకో పిల్లను భయపెడుతుంది. కులాంతర ప్రేమలో ఉన్నవాళ్లకు అది హెచ్చరికగా పని చేస్తుంది. సరిగ్గా హంతకులు కోరుకున్నది అదే.

ఇకనైనా కొన్ని పద్ధతులు పెట్టుకోవచ్చు. సంఘాలన్నీ కలిసి ఒకే బృందాన్ని పంపి, ఒకేసారి వివరంగా నమోదు చేసి, దాన్నే అందరూ వాడుకోవాలి. బాధితురాలికి నచ్చిన మనిషి పక్కన ఉండాలి. ఆగమన్నప్పుడు ఆగాలి. ముందు "తిన్నారా, రాత్రి ఎవరు తోడుంటున్నారు" అని అడగాలి. నెల తర్వాత, ఆరు నెలల తర్వాత, ప్రతి వాయిదాకు ముందూ వెనకా ఎవరో ఒకరు వెళ్లాలి. కార్యకర్తల సంగతి కూడా చూసుకోవాలి. శవాలు చూసి, వాంగ్మూలాలు విని, ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడే కార్యకర్త బలహీనుడు కాడు. అతనికీ గాయం అంటుకుంది.

మానడానికి దారులు

మొదటి రోజుల్లో కావాల్సింది భద్రత, తిండి, నిద్ర, అయినవాళ్ల తోడు, తర్వాత ఏం జరుగుతుందన్న స్పష్టత. మొదటి నెలలో ట్రామా లక్షణాలకు ఆల్‌ప్రాజోలామ్, డయాజెపామ్ తరహా మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అవి అలవాటుగా మారే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర విషయంలో ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఉన్నట్టుండి భయం కమ్ముకున్నప్పుడు ఒంటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఊపిరి మామూలుగా పీల్చి, విడిచేటప్పుడు నెమ్మదిగా, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు విడవాలి. ఊపిరి విడిచేటప్పుడు వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. కాళ్లు నేల మీద ఆనించి చుట్టూ కనపడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం, ముఖం మీద చల్లటి నీళ్లు చల్లుకోవడం, నడవడం కూడా "ఇది అప్పుడు కాదు, ఇప్పుడు" అని మెదడుకు గుర్తు చేస్తాయి. కళ్లు మూసుకుంటే భయం పెరిగేవాళ్లు తెరిచే ఉంచుకోవాలి. ఇవి ఉపశమనాలు. ముప్పునేమీ తొలగించవు. శ్వాస వ్యాయామం నేర్పి కేసు వాపసు తీసుకోమనేవాళ్ల నుంచి దూరంగా ఉండాలి.

లక్షణాలు నెల దాటితే వైద్య సాయం తీసుకోవాలి. ట్రామా మీద కేంద్రీకరించే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకీ, ఈఎమ్‌డీఆర్ అనే పద్ధతికీ మంచి ఆధారాలున్నాయి. కొందరికి కుంగుబాటు మందులు కూడా అవసరమవుతాయి, వాటిని తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా ఎవరికైనా చెప్పాలి. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

చిక్కు ఎక్కడంటే, మన దేశంలో మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని 2015-16 జాతీయ సర్వే చెప్పింది. అందినచోట కూడా ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ "ఈ రోజుల్లో కులమెక్కడిది" అంటే ఆ తలుపు అక్కడితో మూసుకుపోతుంది. అందుకే మన నుంచే సహాయకులు రావాలి. గోవాలో శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇచ్చిన కౌన్సెలింగ్ కుంగుబాటును తగ్గించిందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. జింబాబ్వేలో ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చున్న అవ్వలు ఆ పని చేశారు. మన వాడల్లో ఆశా కార్యకర్తలు, డ్వాక్రా అక్కలు, చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. కావాల్సింది శిక్షణ, పైన ఒక నిపుణుడి పర్యవేక్షణ.

అడగాల్సినవి

2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ చేరింది. బాధితులకు, సాక్షులకు రక్షణ, ప్రయాణ ఖర్చులు, సామాజిక, ఆర్థిక పునరావాసం, అవసరమైతే వేరే చోటికి తరలింపు హక్కుగా వచ్చాయి. సామాజిక బహిష్కరణ నేరమైంది. నిబంధనల్లో హత్యకు 8 లక్షల 25 వేల పరిహారం ఉంది. తక్షణ సాయంగా తిండి, నీళ్లు, బట్టలు, నీడ, వైద్యం, రవాణా అని రాశారు. ఆ జాబితాలో మనసు అన్న మాట లేదు. "వైద్యం" అన్న మాటలోనే మానసిక వైద్యమూ ఉందని కలెక్టర్లతో, జిల్లా విజిలెన్స్ కమిటీలతో ఒప్పించాలి. ప్రతి అట్రాసిటీ కేసులో జిల్లా మానసిక ఆరోగ్య బృందం వాడకు వచ్చేలా రాతపూర్వకంగా అడగాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల వివక్ష లేని చికిత్సను హక్కు చేసింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అది ఉచితం. ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదివే న్యాయవాదులు మనకు కావాలి. క్యాంపస్‌లలో రోహిత్ వేముల, పాయల్ తడ్వీల తల్లులు 2019లో సుప్రీంకోర్టుకెక్కిన పోరాటం కౌన్సెలింగ్ సెంటర్ల కోసం కాదు, వివక్షను ఆపే యంత్రాంగం కోసం. ఈ తేడా మరవొద్దు. సంస్థ చేసిన నేరాన్ని విద్యార్థి మానసిక బలహీనతగా మార్చే కౌన్సెలింగ్ మనకొద్దు. వివక్ష చేసినవారి మీద చర్య, గాయపడినవారికి సాయం రెండూ కావాలి.

న్యాయం జరిగితేనే గాయం మానుతుందా అని కొందరు అడుగుతారు. న్యాయం కోసం 23 ఏళ్లు ఆగాల్సిన దేశంలో అప్పటిదాకా నిద్రపోకుండా ఉండమని ఎవరినీ అనలేం. నిద్రపోతేనే మర్నాడు కోర్టుకు వెళ్లగలం, సాక్ష్యం చెప్పగలం, తరగతిలో కూర్చోగలం. ఈసారి ఏ వాడకైనా నిజనిర్ధారణకు వెళ్లేటప్పుడు కాగితం, కెమెరాతో పాటు ఒక తేదీ కూడా వెంట తీసుకెళ్దాం. మళ్లీ ఎప్పుడు వస్తామో ఆ ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ రోజుకు తప్పకుండా వెళ్దాం.